ఫాస్ట్ బౌలర్ గొప్పతనం: చరిత్ర చెప్పే కొలమానం

ఎమ్మిగనూరులో ఈ మధ్య ఒక కథాసంపుటిపై చర్చాగోష్ఠి జరిగింది. సభ ముగిశాక ఆదోని బస్సుకు ఇంకా వ్యవధి ఉండటంతో ఏడెనిమిది మందిమి టీ అంగడిలో కూర్చున్నాం. కథల మీద మొదలైన మాట క్రికెట్ మీదికి మళ్ళింది. సాహిత్య విద్యార్థి ఒకరు ప్రపంచంలో ఇంతవరకు పుట్టిన పదిమంది గొప్ప ఫాస్ట్ బౌలర్ల జాబితా చదివాడు. ఆ జాబితాకు ఆధారం బౌలింగ్ సగటు. బౌలరు ఇచ్చిన పరుగులను అతను తీసిన వికెట్లతో భాగిస్తే వచ్చే అంకె అది. అంకె ఎంత చిన్నదైతే బౌలరు అంత గొప్ప. ఇక వాదన మొదలైంది. ఒకరికి మార్షల్, ఒకరికి లిల్లీ, ఒకరికి మన కపిల్.

అంతవరకు మౌనంగా వింటున్న ఒక చేనేత మిత్రుడు గ్లాసు కింద పెట్టి అన్నాడు: "మీ లెక్క బట్టను గజంకట్టెతో కొలిచినట్టుంది. ఎన్ని గజాలని చెప్తాండారు గానీ, యా నూలుతో నేసినాడు, యా మగ్గం మింద నేసినాడని ఒక్కరూ అడగరేమప్పా?"

విద్యార్థి వెంటనే జవాబిచ్చాడు: "నూలు మంచిది కాదని చెప్పి చిరుగుల బట్టను అంటగడితే తీసుకుంటామా అన్నా? కట్టుకునేవాడికి బట్టే కదా ముఖ్యం!"

అంతలో బస్సు వచ్చింది. ఆదోని చేరేవరకు ఆ రెండు ప్రశ్నలూ నన్ను వదలలేదు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. ఒక రచన ఏ పరిస్థితుల్లో పుట్టిందో చూడకుండా దాని విలువ కట్టలేమని మనం దశాబ్దాలుగా చెబుతున్నాం. పరిస్థితులు ఎలాంటివైనా రచన రచనగా నిలబడాలి కదా అని మన విమర్శకులు అడుగుతూనే ఉన్నారు. ఈ తగాదా సాహిత్యంలో ఎడతెగకుండా సాగడానికి ఒక కారణం, అక్కడ అంకెలు లేకపోవడం. క్రికెట్‌లో అంకెలున్నాయి. అంకెలు ఎంతవరకు నిజం చెబుతాయో, ఎక్కడ మౌనం వహిస్తాయో అక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఆట గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని సందేహించేవారికి ఒక్క మాట. ట్రినిడాడ్‌కు చెందిన మార్క్సిస్టు చరిత్రకారుడు సి.ఎల్.ఆర్. జేమ్స్ 1963లో 'బియాండ్ ఎ బౌండరీ' అనే గ్రంథం ప్రచురించి, క్రికెట్ చరిత్రను వలస సమాజ చరిత్రగా చదివి చూపించాడు. ఆ దారి మనకు కొత్త కాదు.

ముందుగా ఒక చిన్న లెక్క చూద్దాం. ఇంగ్లండుకు ఆడిన హెరాల్డ్ లార్‌వుడ్ 21 టెస్టుల్లో 78 వికెట్లు తీశాడు. సగటు 28.35. మన దేశపు మొట్టమొదటి టెస్టులో కొత్త బంతి పట్టిన మహమ్మద్ నిస్సార్ 6 టెస్టుల్లో 25 వికెట్లు తీశాడు. సగటు 28.28. సగటే కొలమానమైతే నిస్సార్ లార్‌వుడ్ కంటే వెంట్రుకవాసి మెరుగు. కానీ గొప్ప బౌలర్ల జాబితాల్లో లార్‌వుడ్ పేరు తరచుగా కనిపిస్తుంది, నిస్సార్ పేరు కనిపించదు. ఇద్దరి అంకె ఒకటే అయినప్పుడు ఇద్దరి కీర్తి ఒకటి ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నకు జవాబు అంకెలో దొరకదు, చరిత్రలో వెతుక్కోవాలి.

లార్‌వుడ్ నాటింగ్‌హామ్‌షైర్ బొగ్గుగనుల ప్రాంతంలో పుట్టాడు. చిన్న వయసులోనే గనిలో దిగాడు. ఆనాటి ఇంగ్లీషు క్రికెట్‌లో ఆటగాళ్ళు రెండు జాతులు. డబ్బున్న కుటుంబాల నుంచి వచ్చి సరదాకు ఆడేవారు 'జెంటిల్మెన్'. కూలికి ఆడేవారు 'ప్లేయర్స్'. ఈ విభజన 1962 దాకా అధికారికంగా కొనసాగింది. కెప్టెన్సీ మొదటి జాతిది. రోజంతా బంతి విసిరి భుజాలు అరగదీసుకునే పని ఎక్కువగా రెండో జాతిది. 1932-33లో ఆస్ట్రేలియా పర్యటనకు జెంటిల్మన్ జార్డిన్ నాయకుడు. బ్రాడ్‌మన్‌ను అడ్డుకోవడానికి బ్యాట్స్‌మన్ శరీరం మీదికి బంతులు వేసి, లెగ్‌సైడ్‌లో ఫీల్డర్లను మోహరించే 'బాడీలైన్' వ్యూహం అతనిది. దాన్ని అమలు చేసిన చెయ్యి లార్‌వుడ్‌ది. ఆ సిరీస్‌లో లార్‌వుడ్ 33 వికెట్లు తీశాడు, సగటు 19.51. జీవితం మొత్తం మీద 99.94 సగటున్న బ్రాడ్‌మన్ ఆ సిరీస్‌లో 56.57కు దిగాడు.

తర్వాత రెండు దేశాల మధ్య సంబంధాలు దెబ్బతినే దశకు వచ్చాయి. అప్పుడు క్షమాపణ చెప్పమని పెద్దలు అడిగింది లార్‌వుడ్‌ను. కెప్టెన్ ఆజ్ఞ ప్రకారం బౌలింగ్ చేసినందుకు నేనెందుకు క్షమాపణ చెప్పాలని అతను నిరాకరించాడు. ఆ తర్వాత ఇంగ్లండుకు మరి ఆడలేదు. 1950లో కుటుంబంతో సహా వలస వెళ్ళి, ఏ దేశస్థులు తనను ద్వేషించారో ఆ ఆస్ట్రేలియాలోనే స్థిరపడ్డాడు. 28.35 అనే అంకెలో గని లేదు, జార్డిన్ లేడు, నిరాకరణ లేదు. అయితే ఒక సంగతి గమనించాలి. లార్‌వుడ్ గొప్పతనం గనిలో పనిచేయడం వల్ల రాలేదు. ఆ కాలంలో ఎవరి బంతికీ లొంగని బ్యాట్స్‌మన్‌ను తన బంతితో సామాన్య బ్యాట్స్‌మన్ల స్థాయికి దించగలగడం వల్ల వచ్చింది. ఈ తేడాను పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. తర్వాత దీని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక నిస్సార్. 1932 జూన్‌లో లార్డ్స్ మైదానంలో భారతదేశం తొలి టెస్టు ఆడింది. ఇంగ్లండు ఓపెనర్లు హోమ్స్, సట్‌క్లిఫ్ ఇద్దరినీ నిస్సార్ బౌల్డ్ చేశాడు. 19 పరుగులకు మూడు వికెట్లు పడ్డాయి. ఆ ఇన్నింగ్స్‌లో అతనికి 93 పరుగులకు 5 వికెట్లు. అతనికి జోడీ అమర్ సింగ్. ఆ జట్టును మైదానంలో నడిపింది నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు. పర్యటనకు నాయకుడిగా ఎంపికైన పోర్‌బందర్ మహారాజు, తన ఆట తనకు తెలిసినవాడు కనుక, టెస్టు నుంచి తప్పుకొని నాయుడికి చోటిచ్చాడు.

1936 పర్యటనలో ఆపాటి వివేకం కూడా కరవైంది. అప్పటి నాయకుడు విజయనగరం రాజకుటుంబానికి చెందిన మహారాజకుమారుడు, క్రికెట్ లోకం విజ్జీ అని పిలుచుకున్న వ్యక్తి. మూడు టెస్టుల్లో ఆయన చేసిన పరుగులు మొత్తం 33. జట్టులోని మేటి ఆటగాళ్ళలో ఒకడైన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో టెస్టులు మొదలుకాకముందే ఇంటికి పంపేశారు. ఆ జట్టులోనే ఉండి అమర్ సింగ్ లార్డ్స్‌లో 35 పరుగులకు 6 వికెట్లు తీసి ఇంగ్లండును 134కు కూల్చాడు. నిస్సార్ ఓవల్‌లో ఒక ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. అయినా సిరీస్ ఓడిపోయాం. ఆ తర్వాత భారతదేశానికి పదేళ్ళపాటు టెస్టు లేదు. అమర్ సింగ్ ముప్పై ఏళ్ళు నిండకుండా 1940లో చనిపోయాడు. 1946లో మళ్ళీ టెస్టులు మొదలయ్యేనాటికి నిస్సార్ కాలం దాటిపోయింది. లార్‌వుడ్‌కు 21 టెస్టులు దొరికాయి. నిస్సార్‌కు ఆరు దొరికాయి. నిస్సార్ ఎంత గొప్పవాడో నిర్ధారించే అవకాశాన్నే చరిత్ర మనకివ్వలేదు.

ఇక్కడ నేలను గురించి చెప్పాలి. నాది ఆదోని. మా చుట్టూ రేగడి. పత్తి పండే నేల, పత్తి కొనే ఊరు, పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్ళారి జిల్లాలో ఉండి, అప్పుడు కర్నూలు జిల్లాలో కలిసిన తాలూకా మాది. మా చిన్నతనంలో పత్తి ఏరి ముగిసిన చేలలో ఎండిన పత్తికట్టెలు మూడు పాతి వికెట్లనుకునేవాళ్ళం. రేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకొని నెర్రెలిస్తుంది. నీళ్ళు పెట్టి రోలరు తోలితే గట్టిపడుతుంది కనుకనే క్రికెట్ పిచ్‌లకు నల్లమట్టి వాడతారు. కానీ ఆట సాగేకొద్దీ అలాంటి పిచ్ మీద బంతి ఎత్తు తగ్గి నెమ్మదిగా వస్తుంది, పగుళ్ళలో పడి తిరుగుతుంది. ఎంత బలంగా వేసినా బంతి మోకాలి దగ్గరికే వచ్చే నేల మీద వేగంగా పరుగెత్తుకొచ్చేవాడికి మిగిలేది అలసట. స్పిన్ బౌలరుకు అదే నేల సాయపడుతుంది. భారతదేశం చాలాకాలం ఫాస్ట్ బౌలర్లకు కాక స్పిన్నర్లకు పుట్టినిల్లు కావడానికి నేల ఒక కారణం. నేల మాత్రమే కారణమనుకుంటే పొరపాటు. పిచ్ ఎలా ఉండాలో నిర్ణయించేది మనుషులే. స్పిన్‌తో గెలుస్తున్నంతకాలం పచ్చిక పెంచాలని ఎవరికీ తోచలేదు.

హైదరాబాదు ఫాస్ట్ బౌలరు గోవిందరాజ్ ఉదంతం దీనికి సాక్ష్యం. 1971లో వెస్టిండీస్‌కు, ఇంగ్లండుకు వెళ్ళిన రెండు జట్లలోనూ అతను ఉన్నాడు. రెండు సిరీస్‌లూ భారతదేశం గెలిచింది. రెండింటిలో కలిపి ఎనిమిది టెస్టులు జరిగితే గోవిందరాజ్‌కు ఒక్కటీ దక్కలేదు. ఆ రోజుల్లో కొత్త బంతి పని, దాని మెరుపు కాస్త తగ్గించి స్పిన్నర్ల చేతికి అందించడం. ఆ పనిని హైదరాబాదుకే చెందిన ఆబిద్ అలీ, సోల్కర్‌తో కలిసి తన మీడియం పేస్‌తో చక్కబెట్టేవాడు. ఆబిద్ అలీ తక్కువవాడేమీ కాదు. 1967 డిసెంబరులో ఆడిలైడ్‌లో తన మొదటి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. బ్యాటుతో, ఫీల్డింగుతో కూడా జట్టును నిలబెట్టాడు. కానీ వేగాన్ని ఒక వృత్తిగా గుర్తించని వ్యవస్థలో గోవిందరాజ్‌కు చోటు లేకపోయింది.

ఆ వ్యవస్థ వేగాన్ని ఒకసారి కూలికి తెచ్చుకుంది. 1962 మార్చిలో బార్బడోస్‌లో చార్లీ గ్రిఫిత్ వేసిన బంతి తలకు తగిలి మన కెప్టెన్ నారీ కాంట్రాక్టర్ ప్రాణాపాయ స్థితికి వెళ్ళాడు. వెస్టిండీస్ కెప్టెన్ ఫ్రాంక్ వొరెల్ ముందుకొచ్చి రక్తం ఇచ్చాడు. వేగాన్ని ఎదుర్కోవడం మనవాళ్ళకు అలవాటు లేదని గ్రహించిన బోర్డు, 1962-63లో నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను పిలిపించి దేశవాళీ పోటీల్లో ఆడించింది. వారిలో హైదరాబాదుకు ఆడింది రాయ్ గిల్‌క్రిస్ట్.

గిల్‌క్రిస్ట్ జమైకా చెరకుతోటల సీమ నుంచి వచ్చాడు. 1958-59లో భారతదేశంలో వెస్లీ హాల్ 30 వికెట్లు తీస్తే గిల్‌క్రిస్ట్ 26 తీశాడు. మన నిర్జీవమైన పిచ్‌ల మీద, నాలుగు టెస్టుల్లో. అమృత్‌సర్‌లో ఒక బ్యాట్స్‌మన్ తల మీదికి, నేలను తాకకుండా నేరుగా బంతులు విసిరినందుకు కెప్టెన్ అలెగ్జాండర్ అతన్ని ఇంటికి పంపించాడు. ఆ తర్వాత అతను మరి టెస్టు ఆడలేదు. 13 టెస్టుల్లో 57 వికెట్లతో ఆగిపోయాడు. అలెగ్జాండర్ కేంబ్రిడ్జిలో చదివినవాడు, వలస కాలపు ఉన్నతవర్గం నుంచి వచ్చినవాడు. నల్లవాడైన వొరెల్ ఒక సిరీస్ మొత్తానికి కెప్టెన్ కావడం 1960లో గాని సాధ్యపడలేదు, దానికోసం జేమ్స్ తన పత్రికలో పోరాడవలసి వచ్చింది.

ఈ నేపథ్యం చూసి గిల్‌క్రిస్ట్‌ను వర్గ వంచితుడిగా చిత్రించి, అతని తప్పులన్నిటినీ మాఫీ చేయడం మనలాంటి రచయితలకు సులభం. నేను కూడా ఒకప్పుడు ఒక ప్రసంగంలో అలాగే మాట్లాడాను. కానీ తల మీదికి బంతి విసిరించుకున్న బ్యాట్స్‌మన్ ఏ తోటకూ యజమాని కాడు. 1967లో గిల్‌క్రిస్ట్ తన భార్యపై దాడి చేసినందుకు ఇంగ్లండులో న్యాయస్థానం ముందు దోషిగా నిలబడ్డాడు. ఆమె బాధకు చెరకుతోట సమాధానం కాదు. అతని వేగం నిజం, అతనికి జరిగిన వివక్ష నిజం, అతను చేసిన హింస కూడా నిజం. వీటిలో ఒకదాన్ని మరొకదానితో కొట్టివేసే లెక్క ఏదీ లేదు. విమర్శకుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపాలి.

ఇప్పుడు నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. నేను కళ్ళారా చూసినవారిలో అందరికంటే వేగంగా బంతి వేసినవాడు ఒక హమాలీ కొడుకు. చెప్పుల్లేకుండా పదిహేను అంగలు పరుగెత్తుకొచ్చి వేసేవాడు. ఆ నెర్రెల నేల మీద కూడా బంతి మా గుండెల దాకా లేచేది. వికెట్ల వెనక నిలబడటానికి ఎవరం ఒప్పుకునేవాళ్ళం కాదు. పద్దెనిమిదో ఏట అతను తండ్రితోపాటు పత్తి బేళ్ళు మోయడానికి వెళ్ళాడు. వానలు పోయిన ఏడాది ఇంటిల్లిపాదీ సుగ్గికి పోయారు. మా ప్రాంతంలో కూలికోసం చేసే వలసను సుగ్గి అంటారు. ఆ తర్వాత అతన్ని నేను ఆటలో చూడలేదు.

చాలా ఏళ్ళు నేనతన్ని గొప్ప ఫాస్ట్ బౌలరు అని చెప్పుకుంటూ తిరిగాను. వినేవాళ్ళు కళ్ళు చెమర్చేవారు. ఇప్పుడు ఆలోచిస్తే అది నిజాయితీ లేని మాటనిపిస్తుంది. అతను నాలాంటి పిల్లలకు బంతి వేశాడు. ఆట తెలిసిన బ్యాట్స్‌మన్ ఒక్కడూ అతని ఎదుట నిలబడలేదు. రెండోరోజు సాయంత్రం, ముప్పయ్యో ఓవరులో అతని కాళ్ళు ఏమనేవో మాకు తెలియదు. అతను గొప్ప బౌలరు కాగలిగేవాడేమో. ఆ 'కాగలిగేవాడు' అన్న మాటకూ 'అయినాడు' అన్న మాటకూ మధ్య ఉన్న దూరమే అతనికి జరిగిన అన్యాయం. నేను అతన్ని గొప్పవాణ్ణి చేసేస్తే ఆ దూరం మాసిపోతుంది, అన్యాయం కూడా కనబడకుండా పోతుంది. మనం సాహిత్యంలోనూ ఈ పొరపాటు చేశాం. రచయిత పేదవాడు కనుక, వస్తువు పేదలది కనుక బలహీనమైన కథను గొప్ప కథ అన్నాం. దానివల్ల ఆ రచయితకు మేలు జరగలేదు. కథ ఎక్కడ తెగిందో చెప్పేవాళ్ళు లేక అతను అక్కడే ఆగిపోయాడు. ఎమ్మిగనూరు విద్యార్థి అడిగిన ప్రశ్నలో ఉన్న న్యాయం ఇదే.

అయితే నూలునూ, బట్టనూ కలిపి చూసే పద్ధతి ఏమిటి? 1983 చలికాలం దీనికి మంచి ఉదాహరణ. నాకప్పుడు పదమూడేళ్ళు. వెస్టిండీస్ జట్టు మన దేశంలో ఆరు టెస్టులు ఆడింది. రేడియోకు చెవులప్పగించి విన్నాం. కాన్పూరులో మాల్కం మార్షల్ బంతికి గావస్కర్ చేతిలో బ్యాటు ఎగిరిపోయిందని విన్నప్పుడు మా వీధంతా నిశ్శబ్దమైపోయింది. ఆ సిరీస్‌లో మార్షల్ 33 వికెట్లు తీశాడు. అదే పిచ్‌ల మీద, అదే వారాల్లో కపిల్ దేవ్ 29 వికెట్లు తీశాడు. సగటు ఇద్దరిదీ 19 లోపే. అహ్మదాబాదులో కపిల్ ఒకే ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 9 వికెట్లు తీసినా మనం ఓడిపోయాం. సిరీస్ కూడా 3-0తో ఓడిపోయాం. మార్షల్ అలసినప్పుడు బంతి అందుకోవడానికి హోల్డింగ్ ఉన్నాడు. కపిల్ అలసినప్పుడు ఆ వేగంతో వేసే రెండోవాడు లేడు. పైగా కెప్టెన్ అతనే. పడుగు ఒకటే, పేక మాత్రం వేరు.

మరి ఇద్దరూ సమానమా? మొత్తం జీవితం చూస్తే మార్షల్ 81 టెస్టుల్లో 376 వికెట్లు, సగటు 20.94. కపిల్ 131 టెస్టుల్లో 434 వికెట్లు, సగటు 29.64. బౌలరుగా మార్షల్ పెద్దవాడని ఒప్పుకోవడానికి దేశాభిమానం అడ్డు రాకూడదు. మార్షల్ వేగం ఒక్కదాని మీద బతకలేదు. వయసు పెరిగి వేగం తగ్గేకొద్దీ స్వింగ్‌నూ, కట్టర్‌నూ సానపట్టాడు. 1984లో లీడ్స్‌లో ఎడమచేతి బొటనవేలు విరిగి, కట్టు కట్టుకొని వచ్చి 53 పరుగులకు 7 వికెట్లు తీశాడు. పచ్చిక పిచ్ మీదా నెగ్గాడు, మన మట్టి పిచ్ మీదా నెగ్గాడు. ఆస్ట్రేలియా దిగ్గజం డెనిస్ లిల్లీ 355 వికెట్లు తీశాడు, వెన్నెముక పగుళ్ళ నుంచి కోలుకొని తన బౌలింగ్‌ను తిరిగి నిర్మించుకున్నాడు. కానీ భారత నేల మీద ఒక్క టెస్టూ ఆడలేదు. 1980లో పాకిస్తాన్‌లో మూడు టెస్టులాడి మూడే వికెట్లు తీశాడు. ఇది లిల్లీని తీసిపారేయడానికి చెప్పడం లేదు. మార్షల్ పక్కన నిలబెట్టినప్పుడు ఈ లోటు కనబడుతుందని మాత్రమే చెబుతున్నాను.

దీన్నిబట్టి నాకు మూడు ప్రశ్నలు తోస్తున్నాయి. మొదటిది: తనకు అనుకూలం కాని నేల మీద అతను ఏం చేశాడు? రెండోది: ఆ కాలపు మేటి బ్యాట్స్‌మన్లకు బాగా తెలిసిన జవాబులు అతని ఎదుట పనికిరాకుండా పోయాయా? ఒకసారి కాదు, పదేపదే. మూడోది: అతని తర్వాత ఆట మారిందా?

కపిల్‌కు మూడో ప్రశ్న దగ్గర మార్షల్ కంటే ఎక్కువ మార్కులు పడతాయి. గొప్ప ఫాస్ట్ బౌలర్లున్న పరంపరలో మార్షల్ పుట్టాడు. కపిల్ పరంపర లేనిచోట పుట్టాడు. 1978లో అతను వచ్చేనాటికి ఈ దేశంలో ఫాస్ట్ బౌలింగ్ అంటే స్పిన్నర్లకు ముందు జరిగే లాంఛనం. పదహారేళ్ళ తర్వాత అతను వెళ్ళిపోయేనాటికి ప్రతి ఊరి మైదానంలో పిల్లలు దూరం నుంచి పరుగెత్తుకొచ్చి బంతి వేస్తున్నారు. ఆ పరంపరలోనే 2024 డిసెంబరులో జస్‌ప్రీత్ బుమ్రా మెల్బోర్న్‌లో 200వ టెస్టు వికెట్ తీశాడు. అప్పటికి అతని సగటు 20 లోపే ఉంది. నిస్సార్‌కు ఆరు టెస్టులతో తెగిపోయిన దారం ఇక్కడ అతుక్కుంది.

ఆ పరంపరలోనే హైదరాబాదు ఆటో డ్రైవరు మహమ్మద్ గౌస్ కొడుకు మహమ్మద్ సిరాజ్ ఉన్నాడు. 2020 నవంబరులో జట్టుతో ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి చనిపోయాడు. అతను అక్కడే ఉండిపోయి డిసెంబరు 26న మెల్బోర్న్‌లో తొలి టెస్టు ఆడాడు. సిడ్నీలో ప్రేక్షకులు దూషిస్తే మౌనంగా భరించక అంపైర్లకు ఫిర్యాదు చేసి ఆట ఆపించాడు. బ్రిస్బేన్‌లో 73 పరుగులకు 5 వికెట్లు తీశాడు. 2023లో కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6 వికెట్లు తీసి, తనకొచ్చిన బహుమతి సొమ్మును మైదానం సిబ్బందికి ఇచ్చేశాడు. వానల్లో పిచ్‌ను కాపాడినవాళ్ళు వాళ్ళే కదా. పిచ్ వెనక పనివాళ్ళుంటారని గుర్తించిన బౌలర్లు అరుదు.

2025 వేసవిలో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి 185.3 ఓవర్లు వేశాడు, 23 వికెట్లు తీశాడు. చివరి టెస్టు ఓవల్‌లో. నాలుగో రోజు 19 పరుగుల దగ్గరున్న హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టి, తెలియక బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. మర్నాడు ఇంగ్లండుకు కావలసింది 35 పరుగులు, చేతిలో నాలుగు వికెట్లు. ఆ నాలుగింటిలో మూడు సిరాజ్ తీశాడు. చివరి బంతి యార్కరు, ఆట్కిన్సన్ బౌల్డ్. 6 పరుగుల తేడాతో గెలిచి సిరీస్ 2-2తో సమం చేశాం.

సిరాజ్ సర్వకాలాలకూ గొప్పవాడా? ఆ సిరీస్ ముగిసేనాటికి అతని సగటు 30 దాటే ఉంది. నేను అడిగిన మూడు ప్రశ్నల్లో రెండోదానికి అతని దగ్గర ఇంకా పూర్తి జవాబు లేదు. కాబట్టి, ఆ వరుసలో ఇంకా కాదంటాను. అతని తండ్రి ఆటో నడిపాడన్న కారణంతో ఈ తీర్పు మార్చను. కానీ ఓవల్‌లో ఆ ఉదయం అతను వేసిన స్పెల్ గొప్పది, ఏ జాబితాలోనైనా చేర్చదగింది. గొప్ప కవి కాకపోయినా ఒక గొప్ప కవిత రాసినవాళ్ళు మనకు లేరా? ఆ కవితకు ఇవ్వవలసిన గౌరవాన్ని, కవి మిగతా జీవితం చూసి తగ్గిస్తామా?

వేగపు బౌలరును కొలవాలంటే సగటు చూడాలి, చూడక తప్పదు. ఆ తర్వాత సగటు దాచిన సంగతులు అడగాలి: ఏ నేల, ఎవరి ఆజ్ఞ, ఎవరి తోడు, ఎన్ని అవకాశాలు. అవన్నీ తెలుసుకున్నాక మళ్ళీ బంతి దగ్గరికి వచ్చి తీర్పు చెప్పాలి. మధ్యలో ఆగిపోతే మొదటివాళ్ళు అంకెల గుమాస్తాలవుతారు, రెండోవాళ్ళు జాలి పంచేవాళ్ళవుతారు.

పోయిన నెల ఎమ్మిగనూరు వెళ్ళినప్పుడు ఈ మాటలన్నీ ఆ నేత మిత్రుడికి చెప్పాను. ఆయన మగ్గం గుంటలో కూర్చొనే విన్నాడు. నాడె ఆపి, నేసిన బట్టను వేళ్ళ మధ్య పట్టి చూపించి అన్నాడు: "నూలు సరిలేదని సొసైటీలో మేమే కొట్లాడతాం. ఆ కొట్లాట నూలు ఇచ్చినోళ్ళతో. బట్టలో తెగు ఉంటే మాత్రం నా తప్పని నేనే ఒప్పుకోవాల. రెండూ చెయ్యాలప్పా. ఒకటి చేసి ఒకటి ఇడిస్తే ఎట్లా?"